చాయ్‌కి తొంభై మార్కులు, గోడ మీది చరిత్రకు యాభై

నల్లగొండలో చాయ్ బండ్లకు కొదువ లేదు. గడియారం సెంటర్ నుంచి దేవరకొండ రోడ్డు పట్టుకుంటే మూలమూలకూ ఒకటి తగులుతుంది. సగానికి పైగా బోర్డుల మీద 'ఇరానీ' అనే మాట ఉంటుంది. పాలల్లో పొడి వేసి, అల్లం దంచి, బాగా తెర్లించి పోసే చాయ్ తాగడానికి బాగానే ఉండొచ్చు గానీ దానికి ఆ పేరు చెల్లదు. ఇదే రోడ్డులో పాత లారీ షెడ్డును బాగుచేసి తెరిచిన ఇరానీ హోటల్ ఒక్కటి ఆ పేరుకు తగిన పని చేస్తోంది. ఆ చాయ్ ఏ ఊరి నుంచి బయలుదేరిందో ఆ ఊరిని, ఇరాన్‌లోని యజ్ద్ నగరాన్ని, ఫొటోలుగా గోడల మీదికెక్కించింది, మూడు రకాల యజ్ద్ మిఠాయిలు కూడా అమ్ముతోంది. చాయ్, మిఠాయి, గోడలు మూడూ ఒక్క తీరుగా లేవు కాబట్టి దేనికదే చెప్పాలి.

ముందు యజ్ద్ ఎందుకో తెలియాలి. హైదరాబాద్‌లో ఇరానీ హోటళ్లు పెట్టిన కుటుంబాల్లో చాలావాటి పెద్దలు యజ్ద్ నుంచీ, దాని చుట్టుపక్కల పల్లెల నుంచీ బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చినవాళ్లే. ఇరాన్ నడిమధ్యన, రెండు పెద్ద ఎడారుల సందులో, సముద్ర మట్టానికి దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉంటుంది ఆ ఊరు. ఏడాది పొడుగునా కలిపి అక్కడ పడే వాన 60 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన దగ్గర ముసురు పట్టిందంటే ఒక్క రోజులో పడిపోయే వాన అది. అంత తక్కువ నీళ్లతో, పచ్చి ఇటుకల మట్టి గోడలతో వందల ఏళ్లు నిలిచిన పాత నగరం కాబట్టే 2017లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక చాయ్. గల్లా పక్కన నిలబడితే వంటశాల పూర్తిగా కనిపిస్తుంది, దాచిపెట్టేదేమీ లేదు. రెండు పొయ్యిలు, రెండు బగోనాలు. ఒకదాంట్లో డికాక్షన్, ఒకదాంట్లో పాలు. కప్పులో పడేదాకా ఆ రెండూ కలవవు.

డికాక్షన్ లెక్క ఇది. 10 లీటర్ల నీళ్లకు 350 గ్రాముల సన్న చాయ్‌పత్తి, కిలోన్నర చక్కెర. నీళ్లు తెర్లిన వెంటనే రెండూ వేసి, మంటను పూర్తిగా తగ్గించి, మూతకు తడి గుడ్డ చుట్టి బిగించి, మీద బరువు పెడతారు. అక్కడి నుంచి 35 నిమిషాలు దమ్. లోపల నీళ్లు సన్నగా కదలాలి, కుతకుత ఉడకొద్దు. ఉడికితే ఏమవుతుందో చాలామంది వంటవాళ్లకు తెలియదు. ఆకులోని వగరు పదార్థం పూర్తిగా దిగుతుంది, వాసన మాత్రం ఆవిరితో పాటు మూత సందుల్లోంచి బయటికి పోతుంది. రోడ్డంతా ఘుమఘుమ, కప్పులో చేదు. దమ్‌లో అదే ఆవిరి మూతకు తగిలి చెమటలా మళ్లీ లోపలే రాలుతుంది. గుడ్డ చుట్టేది అందుకే. ఆ గుడ్డ ఎండిపోతే సందులు పడతాయి, మధ్యలో ఒకసారి నీళ్లు చిలకరించాలి. ఇక్కడ ఆ పని తప్పకుండా చేస్తున్నారు.

రెండో బగోనాలో 10 లీటర్ల బర్రె పాలు 7 లీటర్లకు దిగేదాకా కాగుతాయి. వెడల్పాటి గరిటెతో అడుగు గీకుతూ ఉండాలి. రెండు నిమిషాలు చేయి ఆగినా అడుగున పాలు పట్టుకుని, మాడు వాసన మొత్తానికీ ఎక్కుతుంది. దాన్ని యాలకులతో కప్పిపుచ్చే హోటళ్లున్నాయి. ఇక్కడ యాలకులు వేయరు, కాబట్టి పాలు మాడితే దాక్కునే దారి లేదు. ఖోవా, పాలపొడి కూడా కలపడం లేదు. కలిపారేమో అనిపిస్తే ఒక పని చేయొచ్చు. చాయ్‌ని పూర్తిగా చల్లారనిచ్చి అడుగు చూడండి. సరిగ్గా కరగని పొడి ఉంటే సన్నటి పిండిలా పేరుకుంటుంది. ఇక్కడి కప్పు అడుగున ఒకటి రెండు ఆకు నలుసులు తప్ప ఏమీ మిగలదు.

పోసే తీరు కూడా పద్ధతిగా ఉంది. ముందు సగానికి కాస్త తక్కువగా డికాక్షన్, దాని మీద పాలు. పాల ధార పై నుంచి పడి కలుస్తుంది కాబట్టి చెంచాతో పనిలేదు. రంగు కాల్చిన ఇటుక రంగు. రెండు నిమిషాలు వదిలేస్తే మీద సన్నటి మీగడ తెర కడుతుంది. ఉస్మానియా బిస్కెట్ అంచుతో ఆ తెరను పక్కకు జరిపి ముంచితే బిస్కెట్ సగం దాకా చాయ్ పీల్చుకుంటుంది, విరిగి పడదు. ఇక్కడి బిస్కెట్ బాగా కాలింది కాబట్టే ఆ గట్టిదనం. మెత్తగా ఉండే బిస్కెట్ రెండో ముంచుడుకే విరిగి కప్పులో పడుతుంది.

ఎక్కడ తప్పుతున్నారంటే, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర మధ్య. ఆఫీసులు, కాలేజీలు వదిలే వేళ గిరాకీ తట్టుకోలేక దమ్‌ను 15 నిమిషాలకు కుదిస్తున్నారు. ఆ లోటు పూడ్చడానికి పత్తి ఎక్కువ వేస్తున్నారు. రంగు సరిపోతుంది, రుచి సరిపోదు. మొదటి గుక్కకే నాలుక అంచులు పట్టుకుపోతాయి. మందు సులువే. మూడో పొయ్యి పెట్టి, ఐదు గంటలకే ఇంకో బగోనా దమ్ మీద ఎక్కించాలి. అట్లాగే మధ్యాహ్నం రెండు దాటాక మిగిలిన డికాక్షన్‌ను పారబోయకుండా సాయంత్రం దాంట్లో కలపడం ఆపాలి. మూడు గంటలు నిలవున్న డికాక్షన్ నల్లబడి, ఇంగువ డబ్బా కడిగిన నీళ్ల వాసన కొడుతుంది.

నల్లగొండలో చాయ్ గురించి రాస్తూ నీళ్ల సంగతి రాయకపోతే ఆ రాతకు విలువ లేదు. ఈ నేల కింది రాళ్లలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలోకి దిగి ఎన్ని ఊళ్లలో ఎముకలు వంచిందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతికి ప్రపంచమంతా పెట్టుకున్న పేరే 'నల్లగొండ టెక్నిక్'. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్నది హద్దు. మరగబెడితే పోతుందనుకోవడం పొరపాటు. ఫ్లోరైడ్ ఆవిరి కాదు, నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన దాంట్లో దాని గాఢత పెరుగుతుంది. పైగా చాయ్ ఆకు తనంతట తానే నేలలోంచి ఫ్లోరైడ్‌ను పీల్చుకుని దాచుకునే మొక్క. బోరు నీళ్లు, గంటల తరబడి మరిగే డికాక్షన్, రోజుకు ఎనిమిది కప్పులు, ఈ మూడూ ఒకచోట కలవకూడదు. ఈ హోటల్‌లో పానగల్లు ఉదయసముద్రం చెరువు నుంచి నల్లా ద్వారా వచ్చే కృష్ణా నీళ్లే వాడుతున్నారు, వంటశాల గోడ మీద ఆ మాట రాసి పెట్టారు. ఊళ్లోని ప్రతి చాయ్ దుకాణమూ ఇట్లా రాసి పెట్టాలి. నల్లా రాని రోజున ఏ నీళ్లు వాడుతున్నారో కూడా ఆ బోర్డు మీదే రాస్తే ఇంకా మేలు. కాఠిన్యం ఎక్కువున్న నీళ్లతో కాస్తే నల్ల చాయ్ మీద నూనెలాంటి పలుచని తెట్టు కడుతుంది, రంగు మబ్బు పడుతుంది. గాజు గ్లాసులో అది ఇట్టే దొరికిపోతుంది.

గాజు గ్లాసు అంటే, ఇక్కడ అడిగితే యజ్ద్ తరహా నల్ల చాయ్ కూడా ఇస్తారు. మెనూలో 'సాదా ఇరానీ' అని ఉంటుంది, 30 రూపాయలు. పాలు ఉండవు. నడుము సన్నగా ఉండే చిన్న గ్లాసు, పక్కన చక్కెర గడ్డలు. చక్కెరను చాయ్‌లో వేయొద్దు. గడ్డను పళ్ల మధ్య పట్టుకుని, దాని మీదుగా వేడి చాయ్‌ని కొంచెం కొంచెం లాగాలి. ఆ గడ్డను వాళ్లు ఖంద్ అంటారు. మన 'ఖండ' శబ్దమే అటు వెళ్లి ఖంద్ అయింది. కలకండలో ఉన్న కండ కూడా అదే.

ఈ గ్లాసు తాగితేనే మన ఇరానీ చాయ్ గుట్టు తెలుస్తుంది. అక్కడి ఇళ్లలో సమోవర్ అనే లోహపు పాత్ర లోపల నీళ్లు మరుగుతుంటాయి, దాని నెత్తి మీద చిన్న కూజాలో చిక్కటి డికాక్షన్ పదీ పదిహేను నిమిషాలు ఆ ఆవిరికే ఊరుతుంది. గ్లాసులో ముందు డికాక్షన్ పోసి, ఎవరికి ఎంత పలుచన కావాలో అంత వేడినీళ్లు కలుపుతారు. రెండు పాత్రలు, సన్న సెగ, కలపడం ఆఖరి నిమిషంలో. దక్కన్‌కు వచ్చాక ఆ వేడినీళ్ల స్థానంలో బర్రె పాలు వచ్చాయి, పద్ధతి అట్లాగే ఉండిపోయింది. అందుకే పాలల్లో పత్తి వేసి మరగించిన చాయ్ ఎంత కమ్మగా ఉన్నా ఇరానీ కాదు.

సాదా ఇరానీలో ఒక్క లోపం ఉంది. పాల చాయ్ కోసం చేసిన డికాక్షన్‌నే దీనికీ వాడుతున్నారు. దాంట్లో ముందే చక్కెర ఉంది, ఇంక ఖంద్ ఎందుకు? పైగా సన్న పత్తి పాలను తట్టుకోవడానికి తయారైంది, నీళ్లల్లో అది గొంతు పట్టేస్తుంది. పెద్దాకు చాయ్‌పత్తి, లీటరుకు 12 గ్రాముల లెక్కన, చక్కెర లేకుండా, చిన్న కూజాలో 12 నిమిషాలు ఊరబెడితే చాలు. ఆ కూజాను నీళ్లు మరిగే గిన్నె మీద నిలబెట్టాలి, పొయ్యి మీద నేరుగా పెట్టకూడదు.

మిఠాయిల్లో మొదట కొనాల్సింది కుత్తాబ్. మన గరిజెలు తెలిసిన వాళ్లకు ఇది దగ్గరి చుట్టం. లోపల బాదం పొడి, చక్కెర, యాలకులు. పిండి ముద్దలో పెట్టి, నూనెలో వేయించి, వేడి తగ్గాక మెత్తటి చక్కెర పొడిలో దొర్లిస్తారు. వేడి మీద దొర్లిస్తే చక్కెర కరిగి జిగురు పడుతుంది, పూర్తిగా చల్లారితే అంటుకోదు. ఇక్కడివి తెల్లగా పొడిపొడిగా ఉన్నాయంటే ఆ వేళ పట్టుకున్నారన్నమాట. బాదం ధర చూసి పల్లీ కలపడం లాంటిది కనిపించలేదు. 100 గ్రాములు 90 రూపాయలు, దానికి తగ్గదే.

కేక్ యజ్దీ చిన్న చిన్న కాగితపు గిన్నెల్లో కాల్చిన కేకు. మైదా, గుడ్లు, పెరుగు, యాలకులు, గులాబీ నీళ్లు. మీద పిస్తా పలుకులు లేదంటే నువ్వులు. పెరుగు పులుపు, సోడా కలిసి బుడగలు పుట్టించి పిండిని పొంగిస్తాయి కాబట్టి కలిపిన వెంటనే పొయ్యిలోకి వెళ్లాలి. ఇక్కడ రెండు మూడు విడతలకు సరిపడా ఒకేసారి కలిపి పెట్టుకుంటున్నట్టుంది, చివరి విడత కేకులు అణిగి, పిడచగట్టి ఉంటున్నాయి. ఉదయం తొమ్మిది లోపు వచ్చిన వాటికీ పదకొండుకు వచ్చిన వాటికీ తేడా చేత్తో నొక్కితేనే తెలుస్తుంది. గులాబీ నీళ్లు మాత్రం సరైన పాళ్లలో ఉన్నాయి, అత్తరు తాగినట్టు లేదు.

పష్మక్ కొనొద్దు, కనీసం ఈ వానాకాలం. పీచు మిఠాయికి పెద్దన్న లాంటిది ఇది. పష్మ్ అంటే ఉన్ని. పాకాన్ని లాగి, నెయ్యిలో వేయించిన పిండితో కలిపి, మళ్లీ మళ్లీ మడతపెట్టి లాగితే వెంట్రుకంత సన్నని పోగులవుతాయి. యజ్ద్ ఎడారి గాలిలో ఎన్ని రోజులైనా అట్లాగే ఉంటుంది. మన శ్రావణ మాసపు గాలిలో డబ్బా మూత తీసిన గంటకే చెమ్మ పీల్చి ముద్దవుతుంది. చిన్న పొట్లాల్లో గాలి చొరకుండా కట్టి అమ్మితే తప్ప ఇది ఇక్కడ నిలవదు.

ఇప్పుడు గోడలు. ఆరు పెద్ద ఫొటోలు, కింద తెలుగులో వివరాలు. నల్లగొండ హోటల్‌లో ఇంత శ్రద్ధ పెట్టడమే మెచ్చుకోవాల్సిన సంగతి, పిల్లలు నిలబడి చదువుతున్నారు కూడా. పిల్లలు చదువుతున్నారు కాబట్టే తప్పులు దిద్దాలి.

మొదటి ఫొటో కింద 'రెండు వేల ఏళ్ల నాటి పర్షియా చాయ్' అని ఉంది. పర్షియాలో అంత పాత చాయ్ లేదు. సఫవీ రాజుల కాలంలో అక్కడ నడిచినవి కాఫీ ఖానాలు. ఇవాళ్టికీ చాయ్ దుకాణాన్ని అక్కడ 'కహ్వే ఖానే' అనే పిలుస్తారు. చాయ్ తోటల పెంపకం మొదలైంది 1900 ప్రాంతంలో. కాషెఫ్ అల్ సల్తనె అనే అధికారి మన హిమాచల్ వైపున్న కాంగ్డా నుంచి మొక్కలు తీసుకెళ్లి, కాస్పియన్ తీరాన లాహిజాన్‌లో నాటించాడు. ఇది రాస్తే ఇంకా గొప్పగా ఉంటుంది. మన దేశం నుంచి మొక్క అక్కడికి పోయింది, అక్కడి పద్ధతి మన ఊళ్లకు వచ్చింది.

అగ్ని దేవాలయం ఫొటో కింద 'పదిహేను వందల ఏళ్ల నాటి భవనం' అన్నారు. భవనం 1934లో కట్టింది. పాతది లోపలి నిప్పు. క్రీ.శ. 470 నుంచి ఆరకుండా కాపాడుకుంటూ వచ్చారని జరతుష్ట్ర మతస్థుల (మన దగ్గరి పార్సీలది ఈ మతమే) నమ్మకం. చోటు మారుస్తూ మారుస్తూ 1474లో ఆ నిప్పు యజ్ద్ చేరింది. ఇంత ఉన్నత శ్రేణి అగ్ని ఆలయాలు ప్రపంచంలో తొమ్మిదే ఉంటే, ఎనిమిది మన దేశంలోనే ఉన్నాయి.

మూడో తప్పు అన్నిటికంటే బాధ కలిగించేది. అమీర్ చఖ్మాఖ్ కూడలి ముందు నిలబెట్టిన పెద్ద చెక్క కట్టడాన్ని 'రాజుగారి రథం' అని రాశారు. అది నఖ్ల్. మొహర్రంలో ఇమామ్ హుస్సేన్ పాడెకు గుర్తుగా నల్లబట్ట కప్పి, అద్దాలు, కత్తులు అలంకరించి, పదుల మంది భుజాల మీద మోసేది. పీర్ల పండుగనాడు అలావా చుట్టూ తిరిగిన పల్లెలు మనవి. ఆ ఫొటో కింద 'ఇది యజ్ద్ వాళ్ల పీర్ల ఊరేగింపు లాంటిది' అని ఒక్క వాక్యం రాస్తే నల్లగొండలో అర్థం కానివాళ్లుండరు.

నేల కింది నీటి కాలువ అయిన కనాత్ ఫొటో, వివరం మాత్రం చక్కగా ఉన్నాయి. కొండ పాదం దగ్గర తల్లి బావి తవ్వి, అక్కడి నుంచి ఊరిదాకా సన్న వాలుతో సొరంగం తీస్తారు. మట్టి తోడటానికీ గాలికీ మధ్యమధ్యన నిలువు బావులు. మోటారు లేదు, ఎత్తిపోత లేదు, నీళ్లు వాటంతటవే నడిచొస్తాయి. యజ్ద్ దగ్గరి జార్చ్ కనాత్ పొడవు 70 కిలోమీటర్లకు పైనే. 2016లో యునెస్కో గుర్తించిన పదకొండు కనాత్‌లలో అదొకటి. ఊట ఎంత వస్తే అంతే తీసుకుంటుంది కాబట్టి కనాత్ నేలను ఎండగట్టదు. బోరు మీద బోరు దింపిన మన జిల్లా వాళ్లు ఆగి చదవాల్సిన ఫొటో ఇది. దాని పక్కనే కందూరు చోడుల నాటి ఉదయసముద్రం ఫొటో పెడితే జత కుదురుతుంది.

హోటల్ కప్పు మీద పదడుగుల ఎత్తున బాద్‌గీర్ కూడా కట్టారు, అంటే గాలిని పట్టే బురుజు. పైన నాలుగు వైపులా నిలువు సందులు, లోపల అడ్డుగోడలు. గాలి వీచే వైపు నుంచి లోపలికి దిగుతుంది, రెండో వైపు నుంచి వేడి గాలి పైకి పోతుంది. యజ్ద్ దౌలతాబాద్ తోటలోని బాద్‌గీర్ 33 మీటర్లు, అన్నిటికంటే ఎత్తయినది. దాని కింద నీటి తొట్టె ఉంటుంది, దిగిన గాలి ఆ నీటిని తాకి చల్లబడుతుంది. ఇక్కడ కట్టింది సరిగ్గానే కట్టి, కింద ఫాల్స్ సీలింగ్ వేసి నోరు మూసేశారు. ఎండాకాలం హాల్లో కూర్చోలేని పరిస్థితి. సీలింగ్‌లో బాద్‌గీర్ కింద నాలుగడుగుల చదరం కోసి, దిగువన నీటి తొట్టె పెడితే మార్చి నుంచి మే దాకా పొడిగాలికి బాగా పనిచేస్తుంది. జూన్‌లో గాలిలో తేమ చేరాక తొట్టె తీసేయాలి, లేదంటే ఉక్కపోత పెరుగుతుంది. పావురాలు దూరకుండా పైన జాలీ తప్పదు.

అద్దం చట్రంలో తెర్మె అనే యజ్ద్ నేత బట్ట ముక్క ఒకటుంది, మన మామిడి పిందెల అంచు లాంటి నమూనాతో. అందంగా ఉంది. అయితే యజ్ద్‌లో దారాయీ అనే నేత కూడా ఉంది. పోగును ముందే ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. పుట్టపాక, పోచంపల్లి నేతగాళ్లు చేసేదీ అదే. ఉమ్మడి నల్లగొండలో కూర్చుని ఆ రెండింటినీ పక్కపక్కన వేలాడదీయకపోవడం చేతికందినదాన్ని వదులుకోవడమే.

హోటల్ పొద్దున ఐదున్నరకు తెరుస్తారు, రాత్రి పదిన్నర దాకా ఉంటుంది. పాల చాయ్ 20, ఉస్మానియా జత 10. కూర్చోవడానికి లోపల పన్నెండు బల్లలు, ఆడవాళ్లకు, కుటుంబాలకు వేరే గది, చేతులు కడుక్కునే చోటు శుభ్రం. కార్లు నిలపడానికి స్థలం తక్కువ, పక్క సందులో పెట్టుకోవాలి. కొత్త బగోనా దమ్ తీసేది ఆరుంబావుకు, పదిన్నరకు, నాలుగున్నరకు. ఆ తర్వాతి అరగంటలో వెళ్లండి. మూత తీసేటప్పుడు గల్లా దగ్గర నిలబడితే ఆ వాసన మొదట మీకే అందుతుంది.